డేటా సైంటిస్టు కావాలనుకునే మేనకోడలికి

చిత్తూరు

అమ్మణ్ణీ,

మీ అమ్మ ఫోనులో చెప్పింది. డిగ్రీ అయిపోవస్తోంది, బెంగళూరులో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు లక్షల్లో ఫీజు అడుగుతున్నారు, కట్టమంటావా అని. ఇప్పుడు వద్దు. పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి డేటా తీసే భాష) ఇంట్లో కూర్చుని ఉచితంగానే నేర్చుకోవచ్చు. ఇక అలాంటి చోట్ల చేయించే ప్రాజెక్టు, టైటానిక్ ఓడలో ఎవరు బతికారో కనిపెట్టేది, అందరి రెజ్యూమేల్లోనూ ఉంటుంది. ఇంటర్వ్యూలు చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, అది కనబడగానే పేజీ తిప్పేస్తాం.

నీకు కావాల్సిన డేటా తిరుపతిలోనే ఉంది. స్వామివారిని నిన్న ఎంతమంది దర్శించుకున్నారు, తలనీలాలు ఎంతమంది ఇచ్చారు, హుండీ ఎంత, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోంది, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, ఇవన్నీ రోజూ పేపర్లో వస్తాయి. 2019 నుంచి ఇప్పటిదాకా ఒక పట్టికలోకి ఎక్కించు. కొన్ని రోజులవి దొరకవు. కొన్నిసార్లు ఒక పేపర్లో ఒక అంకె, ఇంకోదాంట్లో ఇంకోటి ఉంటుంది. విసుగొస్తుంది. ఉద్యోగంలోనూ ఎక్కువ పొద్దు ఈ చాకిరీకే పోతుందని ఇప్పుడే తెలిస్తే మంచిది.

2020 మార్చి 20 నుంచి జూన్ మొదటి వారం దాకా భక్తులకు దర్శనాలు లేవు. ఆ గళ్లలో సున్నా వెయ్యి. నీకు పేపరు దొరకని రోజున గడి ఖాళీగా వదిలెయ్యి. రెండూ ఒకటే అనుకుని సగటు తీశావో, లెక్కంతా తప్పు. బ్రహ్మోత్సవాలు తిథిని బట్టి వస్తాయి గనక ఒక ఏడు సెప్టెంబరులో, ఇంకో ఏడు అక్టోబరులో పడతాయి. 2023లో అధికమాసం వచ్చి రెండుసార్లు జరిగాయి. ఈ సెప్టెంబరును నిరుటి సెప్టెంబరుతో పోల్చి రద్దీని అంచనా వేసే మోడల్ ఇక్కడ బోల్తా పడుతుంది. పంచాంగాన్నీ ఒక కాలమ్‌గా చేర్చు. (అర్థం కాకపోతే అవ్వను అడుగు, ఇందులో ఆమె నాకంటే సీనియర్.)

అసలు చిక్కు వేరే ఉంది. దర్శనం చేసుకున్నవాళ్ల సంఖ్య కొండకు వచ్చినవాళ్ల సంఖ్య కాదు. గుడిలోకి రోజుకు పోగలిగేది ఇంతమందే. జనం మరీ జాస్తయితే ఆ అంకె పెరగదు, క్యూ పెరుగుతుంది. కంపార్ట్‌మెంట్లన్నీ నిండి వరస శిలాతోరణం దాకా పోతుంది. దర్శనాల అంకె ఒక్కటే చూసి ఆ రోజు రద్దీ మామూలేనని రాశావంటే అలిపిరిలో ఆటో తోలే అతను కూడా నవ్వుతాడు. వేచివుండే గంటలు, కంపార్ట్‌మెంట్లు కలిపి చూడాలి. కంపెనీల్లోనూ ఇదే తంటా. సరుకు అయిపోయిన రోజు అమ్మకం పడిపోతే గిరాకీ తగ్గిందని అర్థం కాదు. ఈ సంగతి నీ పట్టికలో నువ్వే పట్టుకుని రెండు పేజీల్లో రాయగలిగితే ఇంటర్వ్యూలో అరగంటసేపు నీకు మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

చదివింది స్టాటిస్టిక్సే, కంప్యూటర్ సైన్స్ కాదని దిగులు పడుతున్నావట. ఎందుకు? ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1945లో, పాతికేళ్ల ప్రాయంలో, రాసిన పరిశోధన పేపరు ఈ రోజుకీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆయన పనిచేసిన ఐఎస్‌ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎం.స్టాట్‌కు, అంటే స్టాటిస్టిక్స్ పీజీకి, ట్యూషన్ ఫీజు లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. ప్రవేశ పరీక్ష మాత్రం గట్టిది. ఐఐటీల ఎమ్మెస్సీకి పెట్టే జామ్ అనే ప్రవేశ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరుంది. రెండూ రాయి. సీటు రాకపోతే ఎస్వీ యూనివర్సిటీ ఇంటి పక్కనే ఉంది, అదేం తక్కువది కాదు.

పాట క్లాసు మానేస్తానన్నావట, అది మాత్రం ఒప్పుకోను. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశాడంటారు, రాగిరేకుల్లో మనకు దొరికినవి 12,000 పైచిలుకు. రేకుల మీద రాగాల పేర్లు కూడా ఉన్నాయి. ఎప్పుడైనా సరదాకు వాటిని లెక్కపెట్టు, కానీ ఆయనకు ఫలానా రాగం ఇష్టమని తేల్చెయ్యకు. దొరికినవాటిలో అది ఎక్కువుందని మాత్రమే అనగలం. లెక్కలేవీ పెట్టకుండా ఊరికే పాడుకున్నా నాకు సంతోషమే.

జామ్ ఫారాలు సెప్టెంబరు ప్రాంతంలో వస్తాయి. ఆలోగా పట్టిక పంపు. బావకు డబ్బు ఖర్చుపెట్టాలని అంత ఉబలాటంగా ఉంటే నీ పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ వేయించమను, మిగిలింది బ్యాంకులో ఉంచమను.

మామ