మిగిలిన గుడ్డ ముక్కలతో బొంత: రంగు కంటే ముందు చూడవలసింది ముదురు, లేత

మీరు అడిగినది ఇది: ఇంట్లో పేరంటాలకు వచ్చిన రవిక గుడ్డలు, కుట్టగా మిగిలిన ముక్కలు, పాత చొక్కాలు, లుంగీలు ఒక సంచి నిండా ఉన్నాయి, వాటితో ఒక మంచానికి సరిపడే బొంత కుట్టాలని ఉంది, కానీ ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో తెలియడం లేదు, గజిబిజిగా వస్తుందేమోనని భయంగా ఉంది. ఆ భయం అకారణమైనది కాదు. నేను కుట్టిన మొదటి బొంత సరిగ్గా అలాగే వచ్చింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళలో మరో నాలుగు కుట్టాను కనుక, మొదటిది ఎందుకు చెడిందో, రెండవది ఎందుకు కుదిరిందో చెప్తే మీకు పనికి వస్తుందని అనుకుంటున్నాను.

మొదటి బొంతకు నేను సంచిలో ఉన్న అందమైన ముక్కలన్నీ ఏరాను. పెడన కలంకారీ, పోచంపల్లి చీరల నుంచి మిగిలినవి, పూల ప్రింట్లు, గళ్ళ చొక్కాలు, అన్నీ ఒకదానిని మించి ఒకటి. ఎరుపు పక్కన ముదురాకుపచ్చ పెడితే కొట్టొచ్చినట్టు కనబడుతుందని, పట్టుచీరలో అంచు, ఒడలు అలాగే కదా ఉండేదని, వరుసలన్నీ ఆ లెక్కనే వేశాను. నెల రోజులు కష్టపడి కుట్టి, తెనాలి దగ్గర పల్లెలో ఉండే మా అమ్మమ్మకు తీసుకువెళ్ళి చూపించాను. ఆవిడ బొంతను మంచం మీద పరిపించి, గుమ్మం దాకా వెనక్కి నడిచి, అక్కడి నుంచి చూసి, "తిరనాళ్ళలా ఉందేమిటే ఇది? కన్ను ఎక్కడ ఆగాలి?" అన్నది. నాకు అప్పుడు కోపం వచ్చింది గానీ, నేను కూడా గుమ్మం దగ్గరికి వెళ్ళి చూసేసరికి ఆవిడ మాటలో తప్పేమీ కనబడలేదు. దగ్గరగా చూస్తే ప్రతి ముక్కా బాగుంది. పది అడుగుల దూరం నుంచి చూస్తే అంతా కలిసిపోయి మసకగా ఒక ముద్దలా ఉంది.

కారణం నాకు చాలా రోజుల తరువాత, బొంతను సెల్‌ఫోనులో ఫోటో తీసి, రంగులు తీసివేసి నలుపు తెలుపులోకి మార్చినప్పుడు తెలిసింది. నేను ఎదురెదురుగా పెట్టానని అనుకున్న ఎరుపు, ముదురాకుపచ్చ రెండూ ఆ ఫోటోలో ఒకే బూడిద రంగులో ఉన్నాయి. రంగు వేరు, ముదురుతనం వేరు. రెండు ముక్కల మధ్య గీత దూరానికి కనబడాలంటే రంగు మారినంత మాత్రాన చాలదు, ఒకటి ముదురుగా, మరొకటి లేతగా ఉండాలి. పట్టుచీరలో ఎరుపు ఒడలుకు ఆకుపచ్చ అంచు నప్పుతుంది, ఎందుకంటే అక్కడ రెండూ వెడల్పుగా, విడివిడిగా ఉంటాయి, మధ్యలో జరీ గీత కూడా ఉంటుంది. అయిదంగుళాల ముక్కల్లో ఆ వెసులుబాటు ఉండదు.

కాబట్టి మీరు కత్తెర పట్టుకునే ముందు ముక్కలన్నిటినీ నేల మీద పోసి, రంగును బట్టి కాకుండా ముదురు, లేత, నడిమి అని మూడు కుప్పలు చేయండి. ఏది ఏ కుప్పలోకి వెళ్ళాలో తేలకపోతే ఫోటో తీసి చూడండి, లేదా కళ్ళు సగం మూసి చూడండి. కొన్ని గుడ్డలు ఆశ్చర్యపరుస్తాయి. పసుపు ఎంత గట్టిగా కనబడినా ఫోటోలో దాదాపు తెలుపు పక్కన చేరుతుంది. కలంకారీ ముక్కలు చాలావరకు నడిమి కుప్పలోకే వస్తాయి. అందుకే అవి ఒకదాని పక్కన ఒకటి పెడితే అతికించిన చోటు కూడా కనబడకుండా కలిసిపోతాయి. మన రవిక గుడ్డల సంచులలో సాధారణంగా ముదురువి, నడిమివి ఎక్కువ, లేతవి చాలా తక్కువ. మీ సంచి కూడా అలాగే ఉంటే దిగులు పడవలసిన పని లేదు, దానికి మందు ఇంట్లోనే ఉంటుంది.

నాకు దొరికిన మందు మా నాన్నగారి పాత పంచెలు. అమ్మమ్మ అన్న "కన్ను ఆగే చోటు" అదే. రెండవ బొంతలో ప్రతి రంగు ముక్క పక్కన ఒక తెల్ల పంచె ముక్క వచ్చేటట్టు చదరంగం బల్లలా వేశాను. అంత సాదా అమరిక ఏమిటని మీరు అనుకోవచ్చు. కానీ సంచిలోని ముక్కలు ఎంత పొంతన లేనివైతే అమరిక అంత సాదాగా ఉండాలని నా అభిప్రాయం. ముక్కలూ చిత్రంగా ఉండి, అమరిక కూడా చిత్రంగా ఉంటే చూసేవారికి పట్టు దొరకదు. ఒకే గుడ్డ బొంత అంతటా మళ్ళీ మళ్ళీ కనబడితే మిగతా వంద రకాలనూ అది కట్టి ఉంచుతుంది. పంచె లేకపోతే పాత దుప్పటి కావచ్చు, టూ బై టూ రూబియా లేతరంగు గుడ్డ రెండు మూడు మీటర్లు కొనడం కావచ్చు. మిగిలినవాటితోనే చేయాలనే పట్టుదలతో ఈ ఒక్క ఖర్చును తప్పించుకోవద్దు. పాత పంచె వాడేటప్పుడు మాత్రం దానిని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. నేత పలచబడిన చోట వెలుతురు బొట్లు బొట్లుగా దిగుతుంది. ఆ భాగం వదిలేయాలి, లేకపోతే రెండో ఉతుకుకే అక్కడ చిరుగుతుంది.

ఇక లెక్క. ముక్కను అయిదున్నర అంగుళాల చదరంగా కత్తిరిస్తే, నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోయి, పైకి అయిదు అంగుళాలు కనబడుతుంది. అడ్డంగా 13, నిలువుగా 17 వేస్తే మొత్తం 221 ముక్కలు, బొంత 65 అంగుళాల వెడల్పు, 85 అంగుళాల పొడవు వస్తుంది. రెండూ బేసి సంఖ్యలు కావడం వల్ల నాలుగు మూలలకూ రంగు ముక్కలే వస్తాయి. అడ్డంగా 12 వేసి ఉంటే ఒక మూల రంగు, ఎదురు మూల తెలుపు పడి, ఎక్కడో ఏదో వంకరగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ లెక్కలో రంగు ముక్కలు 111, తెల్లవి 110 కావాలి. 80 సెంటీమీటర్ల రవిక గుడ్డ ఒకదానిలో దాదాపు 30 చదరాలు వస్తాయి కనుక నిజానికి నాలుగు గుడ్డలే చాలు. కానీ ఇరవై రకాల నుంచి అయిదారు చొప్పున తీస్తేనే దానికి బొంత అందం వస్తుంది. కొలతలో మాత్రం బద్ధకం వద్దు. ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో ఎనిమిదో వంతు అదనంగా లోపలికి పోయినా, ఒక వరుసలోని 12 కుట్లకు ఒకటిన్నర అంగుళం తగ్గిపోతుంది, అప్పుడు వరుసకూ వరుసకూ మూలలు కలవవు. నేను ఒక పాత పెళ్ళి శుభలేఖ అట్టను అయిదున్నర అంగుళాలకు కత్తిరించి అచ్చుగా వాడాను. అట్ట అంచు నలిగితే కొలత మారుతుంది కనుక ముప్పై నలభై ముక్కలకు ఒకసారి అట్ట మార్చాను.

ముక్కలను కుట్టే ముందు నేల మీద పూర్తిగా పరచి చూడడం ఈ పనిలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం, ఎక్కువ సమయం తీసుకునేది కూడా అదే. రెండవ బొంతను హాలులో పరిచి రెండు రోజులు అలాగే ఉంచాను. ఇంట్లో అందరూ గోడ వెంబడి నడిచారు. ఫ్యాను వేస్తే ముక్కలు ఎగిరిపోతాయి కనుక మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు. మొదటి రోజు సాయంత్రం చూస్తే ఎడమ వైపు పైభాగం బరువుగా అనిపించింది. ఎందుకో తెలియక ఫోటో తీస్తే, నల్లంచు మంగళగిరి ముక్కలు నాలుగు ఒకే చోట గుమిగూడి ఉన్నాయి. వాటిని విడదీసి నాలుగు దిక్కులకూ పంపాను. మరొక చోట మా తమ్ముడి ఎర్ర గళ్ళ లుంగీ ముక్క ఒక్కటే ఒంటరిగా ఉండి, చూపు మాటిమాటికీ అక్కడికే పోతున్నది. అటువంటి ముక్కను తీసివేయాలి, లేదా అదే గుడ్డ మరో రెండు మూడు చోట్ల వేయాలి. నేను రెండవది చేశాను. పెద్ద పూలు, చిన్న చుక్కలు, గీతలు, గళ్ళు కూడా ఇలాగే కలబోయాలి. పెద్ద పువ్వు ఉన్న ముక్క చుట్టూ చిన్న చుక్కలవో, ఏ అచ్చూ లేనివో ఉంటేనే పువ్వు పువ్వులా కనబడుతుంది. సంతృప్తి కలిగాక ప్రతి వరుసలో మొదటి ముక్కకు వరుస సంఖ్య రాసిన కాగితం గుండుసూదితో గుచ్చి, వరుసలవారీగా దొంతర పెట్టుకోవాలి. ఇది చేయకపోవడం వల్ల మా పిన్నిగారి అమ్మాయి మూడు రోజుల పని మళ్ళీ మొదటి నుంచి చేసింది.

మీ సంచిలో చదరాలకు పనికిరాని పొడవాటి పీలికలు, చీరల అంచులు ఎక్కువగా ఉన్నాయని రాశారు. వాటికి వేరే దారి ఉంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా పాత పని బట్టలతో బొంతలు కుడుతున్నారు. వాటిని 2002లో హ్యూస్టన్‌లోని లలిత కళల మ్యూజియంలో ప్రదర్శించారు, 2006లో అక్కడి తపాలా శాఖ వాటి మీద బిళ్ళలు కూడా వేసింది. వారు "హౌస్‌టాప్" అని పిలిచే పద్ధతిలో మధ్యలో ఒక ముక్క పెట్టి, దాని నాలుగు వైపులా పీలికలు అతుకుతూ బయటికి పెంచుకుంటూ పోతారు. మన పొరుగున కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ స్త్రీలు కుట్టే కవండి అనే బొంతది దీనికి తలకిందులైన పద్ధతి: పాత చీర పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడి ముక్కలు కుడుతూ, చుట్టూ తిరిగి మధ్యకు చేరుకుంటారు. రెండింటిలోనూ ముక్కలు ఒకే కొలతలో ఉండవలసిన అవసరం లేదు. నా నాలుగవ బొంత హౌస్‌టాప్ పద్ధతిలోనే కుట్టాను. ఒక చుట్టు ముదురు పీలికలు, ఒక చుట్టు లేత పీలికలు వేశాను. ఇక్కడ కూడా బొంతను నిలబెట్టింది ముదురు, లేత తేడాయే. మన వార్తాపత్రికలు నాలుగు పార్టీలు కలిసిన ప్రభుత్వాన్ని "అతుకుల బొంత" అని ఎగతాళి చేస్తాయి గానీ, ఇటువంటి బొంతను దగ్గరగా చూసినవారు ఆ మాట అంత తేలికగా వాడరు.

ఏ గుడ్డలు వద్దో కూడా చెప్పాలి. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, సూదిని కూడా ఇబ్బంది పెడుతుంది. టీషర్టు గుడ్డ సాగుతుంది. నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, సింథటిక్ గుడ్డ పోదు. రెండూ పక్కపక్కన ఉంటే బొంత ముడతలు పడుతుంది. అందుకని నూలు ముక్కలనే ఏరి, కత్తిరించక ముందే అన్నిటినీ ఒకసారి ఉతికి, పలచటి గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. గంజి పెట్టిన గుడ్డ అచ్చు కింద కదలదు. రంగు దిగే గుడ్డల విషయంలో నేను నష్టపోయాను. మొదటి బొంతలో ఒక ఎరుపు ముక్క మొదటి ఉతుకులోనే చుట్టుపక్కల ముక్కలన్నిటినీ గులాబీ రంగు చేసింది. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని ఎవరో చెప్తే అంతకు ముందే నానబెట్టాను, అది కాపాడలేదు. ఇప్పుడు ప్రతి ముదురు గుడ్డ కొసనూ వేడినీళ్ళలో తడిపి, తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీపెట్టెతో నొక్కుతాను. తెల్లగుడ్డకు మరక పడితే ఆ ముక్క ఎంత ముచ్చటైనదైనా సంచిలోకి తిరిగి వెళ్తుంది.

లోపలి పొరలకు దూది అక్కరలేదు, మెత్తబడిన నూలు చీరలు చాలు. అయిదున్నర మీటర్ల చీరను 70 అంగుళాల చొప్పున కోస్తే మూడు ముక్కలు వస్తాయి. రెండు ముక్కలు పక్కపక్కన కలిపితే ఒక పొర. అంటే రెండు చీరలకు మూడు పొరలు: అడుగున ఒకటి, నడుమ రెండు. అన్నిటినీ పరిచి, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి, ఆ తరువాత మధ్య నుంచి అంచులకు కుట్టుకుంటూ రావాలి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యకు చేరి ఇరుక్కుపోతాయి. కుట్టు వరుసకూ వరుసకూ నడుమ రెండు వేళ్ళ వెడల్పు ఉంటే చాలు. కుట్టు దారం లేత రంగులో ఒక్కటే వాడండి. ముక్కలు పలు రకాలు కనుక దారమైనా ఒకటిగా ఉండాలి.

ఒక్క మాట ముందే చెప్పి ఉండవలసింది. మంచం బొంత తడిస్తే ఒక్కరు ఎత్తలేరు. మా ఇంట్లో ఇద్దరం చెరొక కొస పట్టుకుని పిండి, డాబా పిట్టగోడ మీద రెండు పూటలు ఎండబెడతాం. అందువల్ల మొదటిసారే 221 ముక్కలకు దిగకుండా, అడ్డంగా 7, నిలువుగా 9 చదరాలతో ఒక పసిపిల్లల పక్క కుట్టి చూడండి. 63 ముక్కలు, 35 అంగుళాలకు 45 అంగుళాలు, ఒకే చీరతో లోపలి పొరలు, ఒక బకెట్టులో పట్టే బరువు. ఆ అమరికను ఫోటో తీసి నలుపు తెలుపులో చూసుకుంటే, మీ సంచిలో లేత గుడ్డ ఎంత కొరవడిందో పెద్ద బొంత మొదలుపెట్టక ముందే తెలిసిపోతుంది.