రోజంతా రంగులతోనే పని, బస్సెక్కాక మళ్లీ రంగుల ఆట ఎందుకు?

చిన్న రంగుల పజిల్ గేము ఒకటి తయారు చేస్తున్నానని, రెండు మూడు నిమిషాలు ఆడి పక్కన పెట్టేసే ఇలాంటి ఆటల్లో జనానికి ఏం నచ్చుతుందో, ఎందుకు మళ్లీ మళ్లీ తెరుస్తారో చెప్పమని అడిగారు. ఈ ప్రశ్న నాకు బాగా దగ్గరిది. నేను ఒంగోలులో ఒక మ్యాచింగ్ సెంటర్లో పనిచేస్తాను. చీర తెచ్చినవాళ్లకు దానికి తగ్గ జాకెట్ ముక్క, లైనింగ్, ఫాల్ వెతికి ఇవ్వడం నా పని. ఒక్కమాటలో రంగులు కలపడమే ఉద్యోగం. అది ముగించుకుని టంగుటూరు బస్సెక్కి ఫోన్లో నేను చేసేది కూడా రంగులు కలపడమే. "ఇంకా విసుగు రాలేదా నీకు?" అని మా ఆయన అడుగుతుంటారు. రాలేదు. ఎందుకు రాలేదని ఆలోచిస్తే మీకు కావలసిన జవాబు అందులోనే ఉందనిపించింది.

షాపులో రంగు కలపడం ఎలా ఉంటుందో ముందు చెప్తాను. ఒకావిడ వంగపండు రంగు పట్టుచీర తెస్తుంది. ఆ రంగులోనే మా దగ్గర ఎన్నో షేడ్లు ఉంటాయి. ట్యూబులైటు కింద ఒక ముక్క అచ్చం సరిపోయినట్టు కనిపిస్తుంది. అదే ముక్కను గుమ్మం బయటికి తీసుకెళ్లి ఎండలో చీర మీద పెడితే చీర కాస్త ఎరుపు తిరుగుతుంది, ముక్క నీలం తిరుగుతుంది. చీరకు వాడిన అద్దకం రంగూ ముక్కకు వాడిందీ వేరైతే, ఒక వెలుతురులో కలిసినవి ఇంకో వెలుతురులో విడిపోతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఎండలో చూడందే డబ్బులివ్వరు. కత్తెర పడ్డాక ముక్క వెనక్కి తీసుకోం. ఎల్లుండి పెళ్లి అంటే ఆవిడ టెన్షన్ నాకూ పట్టుకుంటుంది. ఉల్లిపొర రంగు, నెమలికంఠం, మామిడిచిగురు, గంధం, ఇటుక రంగు... ఇవన్నీ నాకు ఎంతో ఇష్టం. కానీ చూస్తున్నంతసేపూ, తప్పితే నష్టం ఎవరి మీద పడుతుందన్న లెక్క లోపల నడుస్తూనే ఉంటుంది.

మా అమ్మదీ రంగుల పనే. మా వైపు వర్జీనియా పొగాకు ఊళ్లు ఎక్కువ. బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలో, క్యూరింగ్ అయిన ఆకును ఆడవాళ్లు కింద కూర్చుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, రంగు చూసి వేరు చేస్తారు. నిమ్మపండు పసుపు ఒక పక్క, నారింజ తిరిగింది ఒక పక్క, గోధుమ మచ్చలు పడింది ఇంకో పక్క, పచ్చి మిగిలిపోయింది వేరే. వేలం కేంద్రంలో బ్రైట్, మీడియం, లో గ్రేడు అని పలికే రేటు చాలావరకు ఆ రంగు మీదే ఆధారపడుతుంది. బేలులో వేరే గ్రేడు ఆకు కలిసిందంటే రైతుకు రేటు తగ్గుతుంది, గ్రేడింగ్ చేసినవాళ్లకు మాట పడుతుంది. అమ్మ ఏళ్ల తరబడి ఆ కూలికి వెళ్లింది. చేతులు జిగట, ఆకు ఘాటు, సాయంత్రానికి నడుము పట్టేయడం. అలాంటి అమ్మ ఇప్పుడు నా ఫోన్ తీసుకుని, ఒక్కో గొట్టంలో ఒకే రంగు ఉండేలా గొట్టాల్లో రంగునీళ్లు సర్దే ఆట ఆడుతూ అన్నం వేళ మరిచిపోతుంది. ఆకు వేరుచేసేటప్పుడు కూడా ఒక వరస కుదిరాక చేయి దానంతటదే ఆడేదనీ, అప్పుడు బాగుండేదనీ ఈమధ్యే చెప్పింది.

కలగాపులగంగా ఉన్నవాటిని ఒక పద్ధతిలో పెట్టడంలో మనిషికి ఒక హాయి ఉంది. అది నా పనిలోనూ ఉంది, అమ్మ పనిలోనూ ఉంది. కాకపోతే పనిలో ఆ హాయి చుట్టూ భయం ఉంటుంది. ఆట ఆ భయాన్ని తీసేసి హాయిని ఒక్కదాన్నే మన చేతిలో పెడుతుంది. నా మటుకు అసలు కారణం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. అందుకే ఈ ఆటల్లో నాకు అన్నిటికంటే విలువైనది వెనక్కి వెళ్లే బటన్. తప్పు గొట్టంలో పోశానా, ఒక్క నొక్కుతో మళ్లీ పోయకముందు ఉన్నట్టు అయిపోతుంది. మీ గేములో దానికి పరిమితి పెట్టకండి. కొన్ని గేముల్లో మూడుసార్లు వెనక్కి వెళ్లాక, ఇంకా కావాలంటే ప్రకటన చూడమంటారు. అప్పుడిక అది నాకు షాపు కౌంటరే.

మరి రంగులే ఎందుకు? ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. నీళ్ల ఆటలో రంగులు తీసేసి వాటి చోట అక్షరాలు పెట్టండి. లెక్క మారదు, గెలిచే దారి మారదు. కానీ సేదతీరడానికి దాన్ని ఎవరూ ఆడరు. ప్రతి గొట్టంలో ఏముందో చదువుకోవాలి, గుర్తుపెట్టుకోవాలి. రంగు అలా కాదు, చూపు పడగానే తెలిసిపోతుంది. ఆన్ ట్రీస్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహ పరిశోధకుడితో కలిసి 1980లో దీని గురించే రాశారు. పచ్చవాటి గుంపులో ఒక ఎర్రది ఉంటే, గుంపు ఎంత పెద్దదైనా దాన్ని దాదాపు ఒకే వేగంతో పట్టేస్తాం. ఒక్కొక్కదాన్నీ వెతుక్కుంటూ పోనవసరం లేదు. చూసే శ్రమను రంగు మోస్తుంటే మిగిలిన బుర్రంతా తర్వాత ఎక్కడ పోయాలనే దాని మీద పెట్టొచ్చు.

అలాగని ఈ ఆటలు తేలికైనవని అనుకోకండి. 2022లో జపాన్ పరిశోధకులు ఈ నీళ్ల ఆటనూ, నీళ్ల బదులు రంగు బంతులు సర్దే దీని జంట ఆటనూ గణితపరంగా పరిశీలించారు. ఒక అమరికను బంతులతో పరిష్కరించగలిగితే నీళ్లతోనూ పరిష్కరించగలమని నిరూపించారు. గొట్టాలు పెరిగేకొద్దీ, పరిష్కారం ఉందో లేదో తేల్చడం కంప్యూటర్లకు కూడా కష్టమైన లెక్కల కోవలోకి వస్తుందని కూడా చూపించారు. పైకి మెత్తగా, లోపల గట్టిగా ఉండటమే ఇందులో అందం. ఆలోచన ఉంది కాబట్టి విసుగు రాదు, చూడటానికి సులువు కాబట్టి అలసట రాదు.

ఇంకో సంగతి మీలాంటి వాళ్లు తక్కువగా గమనిస్తారేమో. ఈ ఆటలకు భాష అక్కర్లేదు. అమ్మ తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లిష్ రాదు. ఫోన్లో ఏది తెరిచినా ఎవరినో ఒకరిని అడగాల్సిందే. ఈ ఆట మాత్రం ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఒక గొట్టం నొక్కింది, అది కాస్త పైకి లేచింది. ఇంకోటి నొక్కింది, నీళ్లు అందులోకి పోయాయి. అంతే. తన వయసులో ఎవరి సాయమూ లేకుండా ఫోన్లో ఒక పని మొదలుపెట్టి పూర్తి చేయడం ఆవిడకు చాలా పెద్ద విషయం. ముఖంలో ఆ తృప్తి కనిపిస్తుంది. దయచేసి మొదట్లోనే పెద్ద పెద్ద సూచనల పేజీలు పెట్టకండి.

ఇక చిన్నగా ఉండటం గురించి. టంగుటూరు బస్సులో ఇంటికి చేరడానికి అరగంట పైనే పడుతుంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైనప్పటి నుంచి సాయంత్రం పూట సీటు దొరకడం అదృష్టమే. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడాలి, ఇంకో చేత్తో ఫోను, భుజాన బ్యాగు. బొటనవేలితో ఆడగలిగితేనే అది నాకు ఆట. కండక్టర్ వస్తే ఆపాలి, ఎవరైనా దిగుతుంటే జరగాలి. టైమర్ ఉన్న గేములు ఇక్కడే ఓడిపోతాయి. వదిలేసి వచ్చేసరికి ఎక్కడిదక్కడే ఉండాలి. "లైఫులు అయిపోయాయి, అరగంట ఆగండి" అనే గేములు కూడా నాకు పడవు. నాకు దొరికేదే ఆ అరగంట!

కిందటేడు అమ్మకు స్కానింగ్ కోసం నెల్లూరు పొగతోటకు వెళ్లాం. ఆ వీధుల్లో ఆసుపత్రులూ ల్యాబులే ఎక్కువ, మా ప్రకాశం జిల్లా నుంచి కూడా చాలామంది అక్కడికే వెళ్తారు. రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నారు. అలాంటప్పుడు పుస్తకం చదవబుద్ధి కాదు, వీడియో చూస్తున్నా మనసు రిపోర్టు మీదే ఉంటుంది. రంగుల ఆట ఒక్కటే నన్ను పట్టి ఉంచింది. రిపోర్టులో ఏమీ లేదు, దేవుడి దయ. తర్వాత ఒక పరిశోధన గురించి చదివాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ క్యాంపస్‌లో కేట్ స్వీనీ బృందం, తమ రూపానికి తోటివాళ్లు మార్కులు వేస్తున్నారని కొందరికి చెప్పి, ఆ ఫలితం కోసం ఎదురుచూస్తున్నంతసేపు వాళ్లతో టెట్రిస్, అదే పైనుంచి పడే ముక్కల్ని పేర్చే ఆట, ఆడించింది. కొందరికి మరీ సులువుగా, కొందరికి మరీ కష్టంగా, కొందరికి వాళ్ల నేర్పును బట్టి వేగం మారేలా పెట్టారు. ఈ మూడో రకం వాళ్లకే ఆ నిరీక్షణ కాస్త తేలికగా గడిచింది. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల్లోనే, పనిలో కాలం తెలియకుండా మునిగిపోయే స్థితికి 'ఫ్లో' అని పేరు పెట్టారు కదా, ఇదీ అదే. కాబట్టి మీరు లెవెల్స్ కష్టాన్ని ఎలా పెంచుతారన్నది రంగుల అందం కంటే ముఖ్యం. ఒక కష్టమైన లెవెల్ తర్వాత రెండు తేలికవి ఇస్తే నాకు బాగుంటుంది.

షేడ్లను వరసలో పెట్టే ఆటలు నాకు ఇంకా ఇష్టం. 2017లో వచ్చిన ఐ లవ్ హ్యూ లాంటివి. లేత నుంచి ముదురుకు పలకల్ని అమర్చాలి. రంగుల చూపు ఎంత నిశితంగా ఉందో చూడటానికి డీన్ ఫార్న్స్‌వర్త్ 1943లో తెచ్చిన పరీక్ష కూడా ఇలాంటిదే, 85 రంగు బిళ్లల్ని వరసలో పెట్టాలి. ఇందులో నన్ను లాగేది విశ్రాంతి ఒక్కటే కాదు, నా కన్ను బాగా పనిచేస్తోందన్న గర్వం కూడా. ఒక చిన్న సలహా: రాత్రిపూట ఫోన్ తెరను పసుపుగా మార్చే సెట్టింగ్ ఉంటే ఇలాంటి ఆటల్లో లేత నీలం, లేత ఊదా ఒకటైపోతాయి. ఆడేముందు అది ఆపమని గేములోనే ఒక గుర్తు చూపిస్తే మంచిది.

రంగులు అందరికీ ఒకేలా కనిపించవన్నది మీరు తప్పక పట్టించుకోవాలి. మా పిన్ని కొడుక్కి ఎరుపు, ఆకుపచ్చ సరిగా తేడా తెలియవు. ఈ లోపానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో చాలా ఎక్కువ. వాడు ఈ ఆటలు తనవి కావని వదిలేశాడు. రంగు మీద చుక్కలు, గీతలు, నక్షత్రాలు కూడా వేసే గేము ఒకటి పెట్టి ఇచ్చాను, ఇప్పుడు నాకంటే ముందున్నాడు. ఆ గుర్తుల్ని సెట్టింగుల్లో ఎక్కడో దాచకుండా మొదటి తెర మీదే పెట్టండి.

అందరికీ కావలసింది విశ్రాంతే అనుకోకండి. మా షాపులో ఇంకో అమ్మాయికి పాయింట్లు, పోటీ లేకపోతే నచ్చదు. వాళ్లకు వేరే గేములు బోలెడున్నాయి. రోజూ రావాలని, వరస తెగితే అంతా పోతుందని బెదిరించే పద్ధతి మాత్రం మీరు పెట్టవద్దనే నా కోరిక. ఒక్కరోజు మానేసినందుకు శిక్ష వేసే ఆట తీరిక ఇవ్వదు.

చివరిగా ప్రకటనల సంగతి. మీకూ డబ్బులు రావాలి, కాదనను. కానీ ఆఖరి గొట్టం నిండిన మరుక్షణమే పెద్ద చప్పుడుతో ప్రకటన పడితే అప్పటిదాకా పడ్డ శ్రమకు దక్కిన సంతోషమంతా పోతుంది. అన్నీ సర్దుకున్నాక రెండు క్షణాలు వాటిని చూడనివ్వండి. నాలుగైదు లెవెల్స్‌కు ఒకసారి, శబ్దం లేకుండా ప్రకటన పెట్టండి, లేదా ప్రకటనలు లేని గేముకు ఒకేసారి కొంత ధర పెట్టండి. వంద రూపాయల లోపైతే నేనే కొంటాను. గేము తయారయ్యాక ఇక్కడే చెప్పండి. అమ్మ చేతికిచ్చి, ఆవిడ ఏ లెవెల్ దగ్గర ఆగిపోయిందో, ఏ రెండు రంగుల మధ్య తడబడిందో రాసి పంపిస్తాను.