కొండచరియల మ్యాప్‌లో పచ్చరంగు ఉంటే స్థలం కొనొచ్చా?

వయనాడ్‌లో హోమ్‌స్టే కోసం 15 సెంట్లు చూశామని, వెనక చిన్న వాగుందని, జీఎస్‌ఐ (భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ) కొండచరియల మ్యాప్‌లో ఆ చోటు పచ్చగా, అంటే చరియ పడే అవకాశం ‘తక్కువ’ అని వస్తోందని, నమ్మొచ్చా అని అడిగారు. మ్యాప్ అబద్ధం చెప్పడం లేదండీ. మీరు అడిగే ప్రశ్న వేరు, అది చెప్పే జవాబు వేరు.

చరియ ఎక్కడ ఊడొచ్చో అది చెబుతుంది. ఊడినది ఎక్కడిదాకా వస్తుందో చెప్పదు. 2024 జూలై 30 తెల్లవారుజామున సుమారు 1550 మీటర్ల ఎత్తులో ఊడిన కొండ, వాన నీటితో కలిసి ఏటి వెంట దాదాపు 8 కిలోమీటర్లు దిగింది. పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయాయి. తర్వాత జీఎస్‌ఐ ప్రాథమిక పరిశీలనలో తేలిందేమిటంటే, ఊడిన చోటు వాళ్ళ మ్యాప్‌లో ‘ఎక్కువ’ జోన్‌లోనే ఉంది. ఇళ్ళు పోయిన చోట్లు మాత్రం చాలావరకు ‘తక్కువ’, ‘మధ్యస్థం’లో ఉన్నాయి. మీ పచ్చరంగు అలాంటిదే కావచ్చు.

ఇక స్కేలు. ఆ మ్యాప్ 1:50,000. అందులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. మీ 15 సెంట్లు చదరంగా ఉందనుకుంటే భుజం పాతిక మీటర్లు, అంటే మ్యాప్‌లో అర మిల్లీమీటరు. పెన్నుతో చుక్క పెడితే మీ స్థలం దాని కింద మాయం. ఫోన్‌లో జూమ్ చేస్తే బొమ్మ పెద్దదవుతుందే తప్ప సమాచారం పెరగదు.

ఇలాంటి మ్యాపులు కొన్ని కంప్యూటర్ మోడల్‌తో చేస్తారు. చరియ పడిన పాయింట్లూ, పడని పాయింట్లూ ఇచ్చి దానికి తేడా నేర్పుతారు. వాటి మీద ‘మా మోడల్ కచ్చితత్వం తొంభై శాతం’ అని రాసి ఉంటే మురిసిపోకండి. హైదరాబాద్‌లో జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు చేసే) పని చేసిన రోజుల్లో నేనూ ఒక కొండ ప్రాంతానికి ఇలాంటి మ్యాప్ చేశాను. కచ్చితత్వం మార్కు అద్భుతంగా వచ్చింది. మా సీనియర్ అడిగినది ఒకటే మాట: “చరియ పడని పాయింట్లు ఎక్కణ్ణుంచి తెచ్చావ్?” చూస్తే సగానికి సగం వరి మళ్ళలో ఉన్నాయి! మడిలో కొండచరియ ఎలా పడుతుంది? మోడల్ నేర్చుకున్నది కొండకీ పల్లానికీ తేడా, అంతే. ఆ పాయింట్లు తీసేసి వాలు మీదవే పెడితే మార్కు దబ్బున పడిపోయింది. అప్పటికే ప్రెజెంటేషన్ స్లైడ్లు తయారు చేసుకున్నాను, అది వేరే బాధ.

పాత చరియల జాబితా కూడా అంతంత మాత్రమే. రోడ్డు పక్కన పడితే రికార్డవుతుంది. తోటల్లో పడితే నాలుగు వానాకాలాలకి పచ్చదనం కమ్మేసి ఉపగ్రహ చిత్రంలో గుర్తే ఉండదు. ఫీల్డ్‌కి వెళ్ళినప్పుడు ఒక టీ తోటలో పనిచేసే పెద్దావిడ మమ్మల్ని వాగు గట్టుకి తీసుకెళ్ళి చూపించింది. తెగిన గట్టులో ఎర్రమట్టి, గులకరాళ్ళు, బస్తా అంత బండలు, పొరలు లేకుండా కలగాపులగంగా ఉన్నాయి. నీళ్ళు మెల్లగా తెచ్చిన ఒండ్రు అలా ఉండదు, పొరలుగా పరుచుకుంటుంది. ఇది ఒక్కసారిగా దిగినది. మా మ్యాప్‌లో ఆ చోటు పచ్చగానే ఉంది. ఇలా ఒక్కసారిగా దిగడాన్ని వయనాడ్ వైపు ‘ఉరుళ్‌పొట్టల్’ అంటారు, మన ఉత్తరాంధ్ర వైపైతే గెడ్డ పొంగి బండలు దొర్లుకొచ్చాయంటాం.

కాబట్టి మీ స్థలం రంగు వదిలేసి, వాగు వెంట మ్యాప్‌లో పైకి వెళ్ళండి. దాని మొదలు దగ్గర ఎరుపు, అంటే ‘ఎక్కువ’ జోన్ ఉందేమో చూడండి. తర్వాత వాగు గట్టు తెగిన చోట మట్టి చూడండి. ముండక్కైలో 1984లోనూ చరియ పడింది, అది గుర్తున్న ముసలివాళ్ళు ఇంకా ఉంటారు. బ్రోకర్‌ని పక్కన పెట్టి మీ వాగు గురించి అలాంటివాళ్ళని అడగండి. పైన ఎరుపు, గట్టులో బండలు రెండూ కనిపిస్తే, సగం ధరకిచ్చినా నేనైతే కొనను.