స్ఫటికీకరణమా, స్ఫటికీభవనమా?

సందేహం: పాలియెస్టర్ దారం మీద ప్రాజెక్టు రిపోర్టు తెలుగులో రాస్తున్నాను. ‘దారాన్ని వేడి చేస్తే స్ఫటికీకరణ పెరుగుతుంది’ అని రాశాను. ఒకరు ‘స్ఫటికీభవనం’ అనాలన్నారు, ఇంకొకరు ‘గడ్డకట్టడం’ చాలన్నారు. ఏది సరైనది?

సమాధానం: గడ్డకట్టడాన్ని ముందే పక్కన పెట్టండి. అది ద్రవం ఘనమైనప్పటి మాట. మీ దారం వేడి చేయకముందూ ఘనమే, వేడి చేస్తున్నంతసేపూ ఘనమే.

మిగిలిన రెండూ వ్యాకరణానికి ఒప్పేవే. కానిది అవడాన్ని సంస్కృతంలో అభూతతద్భావం అంటారు. అక్కడ ‘చ్వి’ ప్రత్యయం వచ్చి ‘స్ఫటిక’ చివరి అకారం ఈకారమవుతుంది. దాని పక్కన కృ ధాతువు చేరితే కరణం, భూ ధాతువు చేరితే భవనం. ఒకరు చేస్తే కరణం, తానుగా అయితే భవనం. ప్రైవేటీకరణ, బాష్పీభవనం అనే మాటల్లో తేడా ఇదే.

ఇక దారం సంగతి. కరిగిన పాలియెస్టర్‌ను సన్నని రంధ్రాల్లోంచి వదిలి గాలితో గబగబా చల్లారుస్తారు. పొడవాటి అణువులకు వరుసలో సర్దుకుని స్ఫటికంగా మారే వ్యవధి దొరకదు, చిక్కుపడి అలాగే బిగుసుకుంటాయి. సాగదీసినప్పుడు కొన్ని ఒక దిక్కుకు తిరుగుతాయి. మళ్లీ వేడి చేస్తే సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటాక వాటికి కదలిక వస్తుంది. మిల్లుల్లో హీట్ సెట్టింగ్ (దారం ఆకారం నిలిచేలా వేడి చేయడం) చేసే 180–220 డిగ్రీల దగ్గర బాగా సర్దుకుంటాయి. 260కి చేరువైతే దారమే కరిగిపోతుంది. పటికబెల్లానికి పాకం చల్లారాలి, ఇక్కడ వేడెక్కాలి. మనం ఇచ్చేది వేడి ఒక్కటే, సర్దుకునేది అణువులే. అందుకే లోపల జరిగేదాన్ని చెప్పేటప్పుడు స్ఫటికీభవనం అనడమే నాకిష్టం. ఉప్పునీటి నుంచి ఉప్పును వేరుచేసే పద్ధతికి బడి పుస్తకాల్లో ఉన్న ‘స్ఫటికీకరణం’ కూడా సరైనదే, అది మనం చేసే పని.

అసలు మీ వాక్యంలో తడబాటు ‘పెరుగుతుంది’ దగ్గర ఉంది. పెరిగేది ప్రక్రియ వేగమా, దారంలో స్ఫటిక భాగం వాటానా? రెండోదైతే ‘స్ఫటికత’ అనండి. దాన్ని సాంద్రతతో కొలవచ్చు: క్రమం లేని భాగం ఘన సెంటీమీటరుకు సుమారు 1.335 గ్రాములు, స్ఫటిక భాగం 1.455. ‘వేడి చేస్తే దారం స్ఫటికత పెరుగుతుంది’ అంటే సరిపోతుంది. ‘దారం స్ఫటికమవుతుంది’ అని మాత్రం రాయకండి. ఎంత వేడి చేసినా కొంత భాగం చిక్కుగానే మిగులుతుంది.

ఇంకొకటి: ‘స్పటికం’ అని రాసేవాళ్లు చాలామంది. ‘స్ఫ’ రాయాలి. తద్భవమైన పటికలోనే మామూలు పకారం.