న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు కొలువు: జీతం గురించి

మిర్యాలగూడ నుంచి హైదరాబాదుకు వెళ్లనున్న మీ చెల్లెలికి ఆసుపత్రి చెప్పిన జీతం సరైనదేనా అని అడిగారు. కోతలు పోను చేతికెంత వస్తుందో, తెల్లవారుజాము డ్యూటీకి రవాణా ఇస్తారో లేదో ముందు రాతపూర్వకంగా తీసుకోండి. పెట్ స్కాన్ (రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే స్కాన్) మందులోని రేడియోధార్మిక పదార్థం ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాలకే సగానికి తగ్గిపోతుంది కనుక, మందు రాగానే మోతాదు కొలిచి, ఇంజెక్షన్ ఇచ్చి, రోగిని దాదాపు గంటసేపు కదలకుండా ఉంచే పని పొద్దున్నే మొదలవుతుంది. మీ ఊరి నుంచి రోజూ వచ్చిపోవడం సాగదు. అంతకంటే ముఖ్యం, ఆమె చదువును ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రతను చూసే కేంద్ర అణుశక్తి నియంత్రణ మండలి) గుర్తిస్తుందా, రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఆమె పేరిటే ఇస్తారా అన్నది. బ్యాడ్జి లేకుండా హాట్ ల్యాబ్‌లోకి (రేడియోధార్మిక మందులు ఉంచి సిద్ధం చేసే గదిలోకి) పంపే చోట ఎంత జీతమిచ్చినా చేర్పించవద్దు. పెట్‌తో పాటు గామా కెమెరా (ఒంట్లోని రేడియోధార్మిక మందు నుంచి వచ్చే గామా కిరణాలతో చిత్రం తీసే యంత్రం) కూడా ఉన్న విభాగమైతే, మొదట్లో కొంత తక్కువైనా ఒప్పుకోవచ్చు. రెండు పనులూ వచ్చినవారికి తర్వాతి కొలువులో జీతం అడిగే బలం ఉంటుంది.