జేజినాయన తుపాకీ హక్కా, లైసెన్సా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పోయిన ఎన్నికలకు కోడ్ రాగానే మా నాన్న, జేజినాయన నాటి డబుల్ బ్యారెల్ తుపాకీని పాత పంచెలో చుట్టుకుని పోయి స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకున్నాడు. "ఆయుధం మన హక్కు, గాంధీ కూడా అదే అన్నాడు, మీరేమో పోయి ఇచ్చి వస్తారు" అని మా మామ ఇప్పటికీ దెప్పుతుంటాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ మామ మాటలో సగం నిజముంది. 1878లో, లిట్టన్ వైస్రాయ్‌గా ఉన్నప్పుడు వచ్చిన ఆయుధాల చట్టం మనవాళ్లకు లైసెన్స్ తప్పనిసరి చేసి తెల్లవాళ్లకు మినహాయింపు ఇచ్చింది, జనానికి మండింది అక్కడే. దేశం మొత్తాన్నీ నిరాయుధుల్ని చేయడం బ్రిటిష్ వాళ్ల చెడ్డపనులన్నిటిలోకీ నల్లటిదని గాంధీ అన్నమాటా వాస్తవమే. కానీ ఎక్కడ అన్నాడో మీ మామ చెప్పి ఉండడు: 1918లో గుజరాత్‌లోని ఖేడాలో, బ్రిటిష్ సైన్యంలో చేరండని జనానికి పంచిన కరపత్రంలో!

1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ఆయుధం పెట్టుకునే హక్కు ఉంది, అయితే "నిబంధనలకు లోబడి" అనే తోక కూడా ఉంది. ఆ మాట పట్టుకునే 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ పెట్టాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. అట్లా రాసిపెడితే దొంగలూ దోపిడీగాళ్లూ కూడా మా హక్కే కదా అంటారని ఆయన వాదన. సవరణ వీగిపోయింది. అమెరికాలో 1791 నుంచి ఇది రాజ్యాంగంలోనే ఉంది, మన 19వ అధికరణంలో మాత్రం సభ పెట్టుకునే హక్కు కూడా "ఆయుధాలు లేకుండా" అనే ఉంటుంది.

నేనైతే అంబేద్కర్ వైపే. 1800లో మన్రో దత్త మండలాలకు, అంటే మన సీమ ప్రాంతానికి, కలెక్టర్‌గా వచ్చేనాటికి ఇక్కడి పాలెగాళ్లలో ఎవరి కోట, ఎవరి బంట్లు వాళ్లకుండేవి, పాలెగాడి చేతిలో తుపాకీ ఉందని పక్కనున్న సేద్యగానికి ఏం ధైర్యం వచ్చిందో చెప్పమనండి మీ మామను.

ఇంకోమాట. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ మనిషి పేరు మీద ఉంటుంది, జేజినాయనది మీ నాన్నకు దానంతటదే రాదు. 2019 సవరణతో గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది, ఒకరికి రెండు తుపాకులకు మించి కుదరదు. మామతో వాదన తర్వాత పెట్టుకోండి, ముందు ఆ లైసెన్స్ పుస్తకం తీసి ఎవరి పేరుందో, రెన్యువల్ ఎప్పుడో చూడండి.