పాప ఆట కోసం పర్సనల్ లోనా?

ప్రశ్న: మాది గుంటూరు. జీతం చేతికి 72 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు 44 వేలు, మా అమ్మాయి (12 ఏళ్లు) బ్యాడ్మింటన్‌కు 14 వేలు. పొదుపు 80 వేలు ఉంది. జిల్లా పోటీల్లో బాగా ఆడుతోందని హైదరాబాద్ అకాడమీలో చేర్పించాలనుకుంటున్నాం. తల్లి కూడా వెళ్లాలి కాబట్టి ఇప్పటికన్నా నెలకు 30 వేలు ఎక్కువవుతుంది. 14 శాతం వడ్డీకి 6 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. చాలకపోతే బంగారం ఉంది. బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ గారు కూడా ఇల్లు తాకట్టు పెట్టారు కదా?

జవాబు: పెట్టారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాక, ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో అకాడమీ కట్టడానికి. నెలనెలా కోచింగ్ ఫీజు కట్టడానికి కాదు. ఆటలాడే పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఈ ఉదాహరణే చెప్పి అప్పుకు సిద్ధపడతారు. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

లెక్క చూడండి. ఐదేళ్లకు కిస్తీ దాదాపు 13,960. ఇప్పుడు మీకు మిగిలేది 14 వేలు. అంటే నెలాఖరుకు చేతిలో 40 రూపాయలు! పోనీ ఆ 6 లక్షలైనా ఎన్నాళ్లొస్తాయి? 20 నెలలు. అప్పటికి ఇంకా 40 కిస్తీలు ఉంటాయి. ఆ తర్వాత బంగారం అంటున్నారు. ఉద్యోగం పోతే ఆదుకునేది అదొక్కటే, దాన్ని కదపకండి.

అసలు మీకు లేనిది అత్యవసర నిధి. ఉన్న 80 వేలు 40 రోజుల ఖర్చుకు సరిపోతాయి, అంతే. ఆరు నెలలకు కావాలి. ఇక్కడే అందరూ ఒక పొరపాటు చేస్తారు: అద్దె, సరుకులు, స్కూలు ఫీజు లెక్కేసి ఆటను వదిలేస్తారు. జీతం ఆగిన నెలలో మొదట ఆగేది కోచింగే, అదీ సరిగ్గా టోర్నమెంట్ల సీజన్లో. అందుకని 44కు 14 కలిపి 58 వేలు, ఆరు నెలలకు 3.48 లక్షలు. మోకాలికో చీలమండకో దెబ్బ తగిలితే ఫిజియోథెరపీకి నెలల తరబడి తిరగాలి. ఆసుపత్రిలో చేరితేనే పనికొచ్చే ఆరోగ్య పాలసీ దానికి సాధారణంగా రాదు, ఈ నిధే దిక్కు. మిగిలే 14 వేలూ దీనికే మళ్లిస్తే సుమారు 19 నెలల్లో పూర్తవుతుంది. ఎఫ్‌డీ అయినా, లిక్విడ్ ఫండ్ (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) అయినా ఫర్వాలేదు.

ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. ఆఫీసు గ్రూప్ పాలసీ ఉందిలే అనుకోకుండా సొంతంగా కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే సిప్‌ల సంగతి తర్వాత.

హైదరాబాద్ వద్దనను. వేసవి సెలవుల్లో ఒక నెల శిబిరానికి పంపండి, ఆ నెల నిధికి తక్కువ వేసినా సరే. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకు ఎంపికైతే నెలకు 10 వేల భత్యం ఉంది కానీ, ఎంపిక ఉత్తర్వు చేతికొచ్చే దాకా దాన్ని మీ లెక్కలో రాయకండి. బ్యాంకువాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే వద్దని చెప్పేయండి.